ఒక్క బంతి బాకీ

2024 అక్టోబరు 3 రాత్రి, మిల్వాకీ. అమెరికా బేస్‌బాల్ ప్లేఆఫ్స్ తొలి రౌండ్‌లో ఆఖరి ఆట. గెలిచినవాళ్లు ముందుకు పోతారు, ఓడినవాళ్లు ఇంటికి. సొంత జట్టు బ్రూయర్స్ 2–0తో ముందుంది. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇంకో ఇద్దరిని ఔట్ చేస్తే చాలు. బంతి డెవిన్ విలియమ్స్ చేతిలో ఉంది. ఆఖరి ఓవర్ లాంటి ఆ ఘట్టంలో అతనంత నమ్మదగ్గ పిచర్లు దేశం మొత్తంలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. తన పేరు మోగించిన చేంజప్ బంతినే వేశాడు. న్యూయార్క్ మెట్స్ ఆటగాడు పీట్ అలొన్సో దాన్ని కుడివైపు గోడ దాటించాడు. మూడు పరుగులొచ్చాయి. బ్రూయర్స్ 4–2తో ఓడిపోయింది.

ఇరవై రెండు రోజుల తర్వాత లాస్ ఏంజెలెస్. వరల్డ్ సిరీస్ మొదటి ఆట, పదో ఇన్నింగ్స్. న్యూయార్క్ యాంకీస్ 3–2తో ముందుంది. డాడ్జర్స్ ఆటగాళ్లు ఇద్దరు బేస్‌ల మీదున్నారు. యాంకీస్ మేనేజర్ ఆరన్ బూన్ బంతిని నెస్టర్ కోర్టెస్‌కి ఇచ్చాడు. మోచేతి గాయంతో సెప్టెంబరు 18 తర్వాత అతను ఒక్క ఆటలోనూ దిగలేదు. మొదటి బంతికి షోహెయ్ ఒటానీ ఔటయ్యాడు. మూకీ బెట్స్‌ని కావాలనే మొదటి బేస్‌కి నడిపించి బేస్‌లన్నీ నింపారు. రెండో బంతిని ఫ్రెడీ ఫ్రీమన్ స్టాండ్స్‌లోకి కొట్టాడు. ఆటను అక్కడికక్కడే ముగించే గ్రాండ్ స్లామ్ వరల్డ్ సిరీస్ చరిత్రలో అంతకుముందెన్నడూ లేదు. కోర్టెస్ వేసినవి రెండే బంతులు.

ఆ ఏడాది డిసెంబరు 13న ఈ ఇద్దరూ జట్లు మారారు. విలియమ్స్ యాంకీస్‌కి, కోర్టెస్ బ్రూయర్స్‌కి. కోర్టెస్‌తోపాటు కేలెబ్ డర్బిన్ అనే కుర్ర ఇన్‌ఫీల్డర్ కూడా మిల్వాకీ వెళ్లాడు. పైన 20 లక్షల డాలర్ల నగదు. వార్తల్లో మొదటి రెండు పేర్లే పెద్ద అక్షరాల్లో వచ్చాయి. మూడో పేరు చివరి పేరాలో కనిపించింది.

ఆ రోజునుంచి రెండు నగరాల్లో మొదలైన వాదన ఏడాది పాటు చల్లారలేదు. ఆట మొదలుపెట్టే పిచర్‌ని ఇచ్చి ఆట ముగించే పిచర్‌ని తెచ్చుకోవడం లాభమా, నష్టమా? పైకి ఇదీ ప్రశ్న. లోపల మాత్రం అభిమానులు పోట్లాడుకున్నది తాము మరిచిపోలేకపోయిన ఆ రెండు బంతుల గురించేనని నా నమ్మకం. అందుకే అసలు లెక్క తేల్చిన మనిషి వాళ్ల కళ్లెదుటే ఉన్నా చాలాకాలం కనిపించలేదు.

నూట డెబ్భై ఎక్కడ, అరవై ఎక్కడ

బేస్‌బాల్ ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో ఒక్కో జట్టుకు మూడేసి ఔట్లు. మొదటి బంతి నుంచి ఐదారు ఇన్నింగ్స్ లాక్కొచ్చేవాడు స్టార్టర్. అలాంటివాళ్లు జట్టుకు ఐదుగురుంటారు. వంతులవారీగా, సుమారు ఐదు రోజులకోసారి దిగుతారు. స్టార్టర్ అలిసిపోయాక వచ్చేవాళ్లు రిలీవర్లు. వాళ్లలో అందరికంటే గట్టివాణ్ని తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం దాచిపెడతారు. అతను క్లోజర్. స్వల్ప ఆధిక్యాన్ని అతను చివరిదాకా కాపాడితే ఖాతాలో ఒక 'సేవ్' పడుతుంది.

సీజన్‌లో ఒక్కో జట్టుకు 162 ఆటలు. అంటే జట్టు పిచర్లంతా కలిసి దాదాపు 1,450 ఇన్నింగ్స్ వేయాలి. 2024లో కోర్టెస్ ఒక్కడే 174 ఇన్నింగ్స్ వేశాడు. జట్టు భారంలో ఎనిమిదో వంతు అతని ఎడమ భుజమే మోసింది. విలియమ్స్ ఆరోగ్యంగా ఉన్న ఏడాదిలో వేసేవి 60 ఇన్నింగ్స్. 2024లో వెన్నెముకలో సన్నని పగుళ్ల వల్ల సగం సీజన్ పోయి, 22 ఆటల్లో కలిపి 22 ఇన్నింగ్స్ కూడా నిండలేదు.

ఈ అంకెలు చూపించి న్యూయార్క్‌లో ఒక వర్గం మండిపడింది. నూట డెబ్భై వేసేవాణ్ని ఇచ్చి అరవై వేసేవాణ్ని తెస్తారా అని. బేస్‌బాల్‌లో తరతరాలుగా వినిపించే మాట వాళ్లది. స్టార్టర్లు ఎంతమంది ఉన్నా చాలరు. ఏప్రిల్‌లో ఏడుగురు కనబడతారు, జులైకి నలుగురు మిగులుతారు. భుజాలు, మోచేతులు ఎవరి మాటా వినవు.

రెండో వర్గం అడిగిన ప్రశ్న వేరు. ఏ ఇన్నింగ్స్? మే నెలలో ఆరు పరుగుల ఆధిక్యంలో వేసే మూడో ఇన్నింగ్స్, అక్టోబరులో ఒక్క పరుగు ఆధిక్యంలో వేసే తొమ్మిదో ఇన్నింగ్స్ ఒకటే ఎలా అవుతాయి? ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్యన సెలవు రోజులుంటాయి కాబట్టి ముగ్గురో నలుగురో స్టార్టర్లతో గడిచిపోతుంది. ఐదో స్టార్టర్ బెంచీ మీద కూర్చుంటాడు. క్లోజర్ మాత్రం దాదాపు ప్రతి రాత్రీ కావాలి. పైగా అప్పటికి యాంకీస్ దగ్గర స్టార్టర్లు నిజంగానే ఎక్కువగా ఉన్నారు. హువాన్ సోటో డిసెంబరు మొదట్లో 76.5 కోట్ల డాలర్ల ఒప్పందంతో మెట్స్‌కి వెళ్లిపోగానే, మిగిలిన డబ్బులో 21.8 కోట్లు పెట్టి మాక్స్ ఫ్రీడ్‌ని తెచ్చారు. గెరిట్ కోల్, కార్లోస్ రోడాన్, లూయిస్ గిల్, క్లార్క్ ష్మిట్, మార్కస్ స్ట్రోమన్ అప్పటికే ఉన్నారు. కోర్టెస్ ఏడోవాడు.

ఈ వాదనకు న్యూయార్క్‌లో ఉన్నంత బలం ఇంకో ఊళ్లో ఉండదు. కారణం మరియానో రివేరా. 1995లో స్టార్టర్‌గానే యాంకీస్‌లో అడుగుపెట్టి, ఆ పనిలో నిలదొక్కుకోలేక బుల్‌పెన్‌కి, అంటే రిలీవర్ల గుంపులోకి, మారిన మనిషి 652 సేవ్‌లు చేశాడు. ప్లేఆఫ్స్‌లో మరో 42. 2019లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఒక్క ఓటు కూడా పోకుండా ఏకగ్రీవంగా ఎన్నికైన మొదటి ఆటగాడు అతనే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో అతని పాట మోగితే లేచి ఇంటికి బయల్దేరవచ్చని పెరిగిన తరం అది. క్లోజర్ అంటే వాళ్లకు అటువంటి నిశ్చింత. 2024లో ఆ నిశ్చింత చెడింది. క్లోజర్ క్లే హోమ్స్ చేతిలోంచి ఆధిక్యం పదమూడు సార్లు జారిపోయింది. చివరికి లూక్ వీవర్‌ని ఆ పనికి పెట్టారు. విచిత్రమేమిటంటే అదే హోమ్స్‌ని ఆ డిసెంబరులో మెట్స్ స్టార్టర్‌గా చేయడానికే తీసుకుంది. స్టార్టర్‌కీ రిలీవర్‌కీ మధ్య గీత మనం అనుకున్నంత లోతైనది కాదు. వీవర్ కూడా ఒకప్పుడు స్టార్టరే. బుల్‌పెన్‌లో గొప్పవాళ్లయిన చాలామంది స్టార్టర్‌గా విఫలమైన వాళ్లే.

కోర్టెస్ మీద ప్రేమ ఎందుకంత

అంకెలు పక్కన పెడితే, న్యూయార్క్ వాళ్లు కోర్టెస్‌ని వదులుకోలేకపోవడానికి మరో కారణం ఉంది. క్యూబాలో పుట్టి, పసివాడిగా ఉండగానే తల్లిదండ్రులతో ఫ్లోరిడాలోని హయాలియాకి వచ్చాడు. కొత్త ఆటగాళ్లను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2013లో, యాంకీస్ అతన్ని 36వ రౌండ్‌లో తీసుకుంది. ఇప్పుడు డ్రాఫ్ట్‌లో ఉన్నవే 20 రౌండ్లు. అంటే ఈ రోజుల్లో అయితే అతని పేరు ఎవరూ పిలిచేవాళ్లే కాదు. బాల్టిమోర్ ఓసారి తీసుకుని తిప్పి పంపింది. సియాటిల్‌కి వెళ్లి, అక్కడా కుదరక, మైనర్ లీగ్ ఒప్పందంతో మళ్లీ యాంకీస్ గడప తొక్కాడు. బంతి వేగం మామూలే. కానీ వేసే తీరు మామూలుది కాదు. ఒకసారి పైనుంచి, ఒకసారి పక్కనుంచి, ఒకసారి మధ్యలో ఒంటికాలి మీద ఆగి, బ్యాటర్ ఊపిరి లెక్క తప్పించి వేసేవాడు. 2022లో 12 గెలుపులు, 2.44 ఈఆర్ఏ, ఆల్‌స్టార్ పిలుపు. ఈఆర్ఏ అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి పిచర్ సగటున ఇచ్చే పరుగులు. మూడు లోపుంటే చాలా గొప్ప. అతని మీసకట్టుకు, పోరాటానికి స్టేడియం దాసోహమంది.

అలాంటివాణ్ని పంపేస్తున్నప్పుడు అభిమానుల్లో కొందరు ఊరట పొందారన్నదే నన్ను బాధపెట్టిన విషయం. ఫ్రీమన్ కొట్టిన బంతి వాళ్ల కళ్లలోంచి పోలేదు. నెల రోజులకు పైగా ఆటలో దిగని పిచర్‌ని, ఆ రాత్రి, ఆ బ్యాటర్ల ముందు నిలబెట్టింది ఎవరు? అతను కాదు. ఏడాది పొడవునా మోసిన 174 ఇన్నింగ్స్ ఒక పళ్లెంలో, రెండు బంతులు ఇంకో పళ్లెంలో పెడితే రెండో పళ్లెం బరువు తూగింది. అభిమానుల తక్కెడకి ఇది అలవాటే. అది అన్యాయమని తెలిసీ తప్పించుకోలేని అలవాటు.

మిల్వాకీ వైపు ఇదే కథ అద్దంలో చూసినట్టు ఉంటుంది. విలియమ్స్‌ని కూడా 2013 డ్రాఫ్ట్‌లోనే తీసుకున్నారు. కాకపోతే రెండో రౌండ్‌లో. మోచేయి శస్త్రచికిత్స దాటుకుని 2020లో వెలిగాడు. 27 ఇన్నింగ్స్‌లో 53 మందిని స్ట్రైకౌట్ చేసి, 0.33 ఈఆర్ఏతో నేషనల్ లీగ్‌లో ఆ ఏటి మేటి కొత్త ఆటగాడయ్యాడు. అతని చేంజప్‌కి 'ఎయిర్‌బెండర్' అని పేరు. మామూలు చేంజప్ తక్కువ తిప్పుతో, నిదానంగా వచ్చి కిందికి వాలుతుంది. ఇతనిది విపరీతంగా తిరుగుతూ వచ్చి, కుడిచేతి బౌలర్ లెగ్‌బ్రేక్‌కి వ్యతిరేక దిశలో జారిపోతుంది. అదే వస్తుందని తెలిసి కూడా బ్యాటర్లు గాలిని కొట్టేవాళ్లు. అలొన్సో కొట్టిందీ ఆ బంతినే కాబట్టి మిల్వాకీ గుండె మరీ పగిలింది.

ఆ రాత్రికి మరో బరువు కూడా ఉంది. 1971 నుంచి బ్రూయర్స్ ఆటలను రేడియోలో వినిపించిన బాబ్ యూకర్‌కి అదే ఆఖరి ప్రసారం. 2025 జనవరి 16న, తొంభయ్యేళ్ల వయసులో ఆయన పోయారు. విస్కాన్సిన్‌లో తాతలూ మనవలూ ఒకే గొంతు విని పెరిగారు. ఆ గొంతు చెప్పిన చివరి కథ అలొన్సో హోమ్ రన్ కావడం వాళ్లు ఎప్పటికీ మరిచిపోరు.

మిల్వాకీకి అలవాటైన నొప్పి

న్యూయార్క్ వాదన లాభనష్టాల మీద సాగితే, మిల్వాకీ వాదన నమ్మకం మీద సాగింది. అది మేజర్ లీగ్‌లో అతి చిన్న మార్కెట్లలో ఒకటి. వరల్డ్ సిరీస్ ఒక్కసారీ గెలవలేదు, అక్కడిదాకా వెళ్లిందే 1982లో ఒకసారి. టీవీ డబ్బు తక్కువ. ఆటగాడు ఆరేళ్ల సర్వీసు పూర్తిచేసి ఫ్రీ ఏజెంట్ అయ్యాడంటే, పెద్ద నగరాలు ఇచ్చే జీతం వీళ్లు ఇవ్వలేరు. కాబట్టి ఆ గడువు దగ్గరపడ్డాక అమ్మేయడం వీళ్ల పద్ధతి. ఫ్రీ ఏజెంట్‌గా ఊరికే పోగొట్టుకోవడం కంటే ఏదో ఒకటి రాబట్టుకోవడం మేలన్నది యాజమాన్యం లెక్క.

ఆ లెక్క ఎంత చేదుగా ఉంటుందో అభిమానులు 2022 ఆగస్టు 1న రుచి చూశారు. డివిజన్‌లో మొదటి స్థానంలో ఉండగా, తమ క్లోజర్ జాష్ హేడర్‌ని సాన్ డియాగోకి పంపేశారు. ఇద్దరు పిచర్లు, ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు. ఆ తర్వాత జట్టు కుంగిపోయింది. చివరికి ఒకే ఒక్క గెలుపు తేడాతో ప్లేఆఫ్స్ తప్పిపోయాయి. హేడర్‌ని అమ్మిన రోజే బ్రూయర్స్ చేతులెత్తేసిందని అభిమానులు ఇప్పటికీ అంటారు. హేడర్ పోయాక ఆ కుర్చీలో కూర్చున్నవాడే విలియమ్స్. 2024 ఫిబ్రవరిలో తమ మేటి స్టార్టర్, మేటి పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు 2021 విజేత కార్బిన్ బర్న్స్‌ని బాల్టిమోర్‌కి ఇచ్చేశారు. ఇప్పుడు విలియమ్స్ వంతు. వరసగా ఇలా చూస్తూ వచ్చిన ఊరికి, ఈసారి మంచి ఆటగాళ్లొచ్చారని చెబితే ఎలా వినబుద్ధవుతుంది?

అయినా విన్నవాళ్లున్నారు. హేడర్ మార్పిడిలో వచ్చిన ఎస్టెరీ రూయిజ్‌ని కొన్ని నెలలకే మూడు జట్ల మరో ఒప్పందంలో వాడుకుని క్యాచర్ విలియం కాంట్రెరాస్‌ని తెచ్చుకున్న సంగతి వాళ్లకు గుర్తుంది. నేషనల్ లీగ్ అగ్రశ్రేణి క్యాచర్లలో అతనొకడయ్యాడు. మార్పిడికి ఫలితం వెంటనే కనబడదని ఈ వర్గం ఓపిగ్గా చెబుతూ వచ్చింది.

మన దగ్గరా ఇలాంటి వాదనలు మొదలయ్యాయి. 2025 నవంబరులో రవీంద్ర జడేజాని చెన్నై రాజస్థాన్‌కి ఇచ్చి సంజూ శాంసన్‌ని తెచ్చుకున్నప్పుడు హైదరాబాద్ టీ కొట్ల దగ్గర కూడా పంచాయితీలు నడిచాయి. కానీ ఐపీఎల్‌లో ఆటగాడి అంగీకారం లేకుండా బదిలీ కుదరదు. మేజర్ లీగ్‌లో ఒప్పందంలోనే అడ్డు రాసుకున్నవాళ్లకి, లేదా పదేళ్ల అనుభవం ఉండి చివరి ఐదేళ్లు ఒకే జట్టులో ఆడినవాళ్లకి మాత్రమే కాదనే హక్కు. మిగిలినవాళ్లు ఫోన్ వస్తే సామాను సర్దుకోవాల్సిందే. ఇల్లు, బడిలో పిల్లలు, అలవాటైన వీధి అన్నీ వదిలి. న్యూజెర్సీలో పుట్టి యాంకీస్ టోపీ పెట్టుకు తిరిగే మన తెలుగు పిల్లలకి ఇది మామూలు సంగతే. క్రికెట్ చూసి పెరిగిన వాళ్ల నాన్నలకి మాత్రం ఇప్పటికీ మింగుడుపడదు.

సియాటిల్ నేర్పిన పాఠం

స్టార్టర్‌కి రిలీవర్ అనగానే అమెరికాలో వయసు మళ్లిన అభిమానులు ఒక తేదీ చెబుతారు. 1997 జులై 31. ఆ ఏడు సియాటిల్ మెరైనర్స్ జట్టులో కెన్ గ్రిఫీ, అలెక్స్ రోడ్రిగెజ్, రాండీ జాన్సన్ ఉన్నారు. ఉండి కూడా గెలవాల్సిన ఆటలను ఆఖరి ఇన్నింగ్స్‌లలో చేజార్చుకుంటోంది. స్టేడియంలో రోజూ రాత్రి బుల్‌పెన్ తలుపు తెరుచుకుంటే జనం భయపడేవాళ్లు. ఆ భయంలో, ఆటగాళ్ల మార్పిడి గడువు ఆఖరి రోజున, బోస్టన్‌కి డెరెక్ లో అనే కుర్ర పిచర్‌ని, జేసన్ వారిటెక్ అనే క్యాచర్‌ని ఇచ్చి హీత్‌క్లిఫ్ స్లోకంబ్ అనే రిలీవర్‌ని తెచ్చుకున్నారు. బోస్టన్‌లో ఆ ఏడాది అతని ఈఆర్ఏ 5.79. సియాటిల్ ఆ సీజన్ డివిజన్ గెలిచి, మొదటి రౌండ్‌లోనే బాల్టిమోర్ చేతిలో ఓడింది. స్లోకంబ్ మరుసటి ఏడుతో జట్టు వదిలేశాడు.

అవతల డెరెక్ లో బోస్టన్‌లో ముందు క్లోజరై 2000లో 42 సేవ్‌లు చేశాడు. తర్వాత స్టార్టరై 2002లో 21 గెలుపులు, ఒక్క హిట్టూ ఇవ్వని ఆట (నో–హిట్టర్) ఒకటి సాధించాడు. 2004లో బోస్టన్ ఎనభై ఆరేళ్ల నిరీక్షణ ముగించిన ప్లేఆఫ్స్‌లో మూడు రౌండ్లనూ ముగించిన ఆటల్లో గెలుపు అతని పేరిటే నమోదైంది. వారిటెక్ జట్టు కెప్టెన్ అయ్యాడు. సియాటిల్ అభిమానులకు ఇది ఇప్పటికీ మానని పుండు.

ఈ కథను అందరూ ఒకే అర్థంలో చెబుతారు, రిలీవర్ కోసం స్టార్టర్‌ని ఇవ్వకూడదని. నాకు అందులో కనిపించేది వేరు. సియాటిల్ పొరపాటు రిలీవర్‌ని కొనడంలో లేదు. భయంలో కొనడంలో ఉంది. గడిచిన వారం రాత్రుల గాయాన్ని మాన్పుకోవడానికి రాబోయే ఏడేళ్లను ఇచ్చేసింది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2016లో చికాగో కబ్స్ గ్లేబర్ టొరెస్ అనే మేటి కుర్రాడితో సహా నలుగురిని యాంకీస్‌కి ఇచ్చి క్లోజర్ అరోల్డిస్ చాప్‌మన్‌ని మూడు నెలల కోసం తెచ్చుకుంది. 108 ఏళ్ల తర్వాత వరల్డ్ సిరీస్ గెలిచింది. ఆఖరి ఆటలో చాప్‌మన్ ఆధిక్యం పోగొట్టాడు కూడా. అయినా టొరెస్‌ని ఎందుకిచ్చారని కబ్స్ అభిమానుల్లో పెద్దగా ఎవరూ అడగరు. కప్పు దక్కితే ఏ ధరైనా చవకే అనిపిస్తుంది.

ఎనిమిదేసి ఇన్నింగ్స్

2025 సీజన్ మొదలు కాకముందే మొదటి వర్గం మాట నిజమైంది. మార్చిలో గెరిట్ కోల్ మోచేతికి శస్త్రచికిత్స, ఏడాదంతా లేనట్టే. 2024లో అమెరికన్ లీగ్ మేటి కొత్త ఆటగాడైన లూయిస్ గిల్‌కి వీపు కండరం గాయం, ఆగస్టు దాకా రాడు. ఏప్రిల్‌లో స్ట్రోమన్, జులైలో ష్మిట్. ఏడుగురిలో మొదట వదిలేసింది కోర్టెస్‌నే కదా అని ఆ వర్గం గుర్తు చేయని రోజు లేదు.

షెడ్యూల్ కూడా ఎవరో పనిగట్టుకుని రాసినట్టే కుదిరింది. మొదటి సిరీస్‌లోనే యాంకీ స్టేడియానికి బ్రూయర్స్ వచ్చింది. మార్చి 29న తన పాత స్టేడియంలో, కొత్త యూనిఫారంలో కోర్టెస్ బంతి పట్టాడు. మొదటి బంతిని పాల్ గోల్డ్‌ష్మిట్ హోమ్ రన్ కొట్టాడు. రెండో బంతిని కోడీ బెలింజర్. మూడో బంతిని ఆరన్ జడ్జ్. మూడు బంతులు, మూడు హోమ్ రన్లు. ఆ రోజు యాంకీస్ తొమ్మిది హోమ్ రన్లతో జట్టు రికార్డు సృష్టించి 20–9తో గెలిచింది. కొందరు యాంకీస్ ఆటగాళ్లు వాడిన, మధ్యలో బొద్దుగా ఉండే 'టార్పెడో' బ్యాట్ల గురించి దేశమంతా చర్చించుకుంది. అయిదు రోజుల తర్వాత అదే కోర్టెస్ సిన్సినాటి మీద ఆరు ఇన్నింగ్స్‌లో ఒకే ఒక్క హిట్ ఇచ్చి, పరుగే ఇవ్వకుండా ఆటను 1–0తో గెలిపించే దారి వేశాడు. ఆ వెంటనే మోచేయి మళ్లీ మొరాయించింది. బ్రూయర్స్ తరఫున అతను వేసింది మొత్తం ఎనిమిది ఇన్నింగ్స్. జులై 31న సాన్ డియాగోకి పంపేశారు.

విలియమ్స్ సీజన్ మొదటి నెలలో యాంకీస్ తరఫున వేసిన ఇన్నింగ్స్ కూడా ఎనిమిదే. పది పరుగులిచ్చాడు. ఈఆర్ఏ 11.25. ఏప్రిల్ 25న టొరంటో మీద ఒక పరుగు ఆధిక్యంతో తొమ్మిదో ఇన్నింగ్స్‌కి వచ్చి, ఎదుర్కొన్న ముగ్గురిలో ఒక్కరినీ ఔట్ చేయలేకపోయాడు. సొంత స్టేడియమే అతన్ని గేలి చేసింది, వీవర్ కావాలని అరిచింది. రెండు రోజులకు బూన్ అతన్ని క్లోజర్ పని నుంచి తప్పించాడు.

అంతకు రెండు నెలల ముందు సంగతి ఒకటి చెప్పాలి. యాంకీస్‌లో 1970ల నుంచి గడ్డాల మీద నిషేధం ఉండేది, మీసం మాత్రమే సమ్మతంగా ఉండేది. ఎప్పుడూ గడ్డంతో ఉండే విలియమ్స్ గీయించుకుని శిబిరానికి రావాల్సి వచ్చింది, అది అతనికి ఏమాత్రం నచ్చలేదు. 2025 ఫిబ్రవరి 21న యజమాని హాల్ స్టెయిన్‌బ్రెనర్ తన తండ్రి పెట్టిన ఆ నియమాన్ని సడలించాడు. అంతటి సంప్రదాయాన్ని విలియమ్స్ వచ్చిన కాలంలో మార్చారన్న భావన అభిమానుల ఆశల్ని ఇంకా పెంచింది. ఆశ పెరిగిన చోట కోపమూ అంతే పెరుగుతుంది.

ఇక్కడ రిలీవర్ బతుకులోని కష్టం అర్థం చేసుకోవాలి. స్టార్టర్‌కి ఏప్రిల్ పాడైతే మే నుంచి సెప్టెంబరు దాకా దిద్దుకోవడానికి 140 ఇన్నింగ్స్ ఉంటాయి. రిలీవర్‌కి ఉన్నవే అరవై. మూడు చెడ్డ రాత్రులు ఏడాది అంకెను పాడుచేస్తాయి. విలియమ్స్ సీజన్ ముగిసేసరికి 62 ఇన్నింగ్స్, 90 స్ట్రైకౌట్లు, 18 సేవ్‌లు, ఈఆర్ఏ 4.79. బంతి బ్యాట్‌కి తగిలాక ఏం జరిగిందన్న అదృష్టాన్ని తీసేసి, స్ట్రైకౌట్లు, వాక్‌లు, హోమ్ రన్ల మీదే లెక్కగట్టే ఎఫ్ఐపీ అనే కొలతలో మాత్రం అతనిది 2.68. అంటే ఈఆర్ఏ చూపించినంత ఘోరంగా ఏమీ వేయలేదు. సెప్టెంబరులో కుదుటపడ్డాడు. ప్లేఆఫ్స్‌లో దిగిన ప్రతిసారీ పరుగివ్వకుండా తిరిగి వచ్చాడు. అప్పటికి క్లోజర్ కుర్చీలో గడువు రోజున పిట్స్‌బర్గ్ నుంచి తెచ్చిన డేవిడ్ బెడ్నార్ కూర్చున్నాడు. డివిజన్ రౌండ్‌లో యాంకీస్‌ని టొరంటో ఇంటికి పంపింది.

స్టార్టర్ల కొరత యాంకీస్‌ని ముంచిందా? వాదన పక్కనపెట్టి చూస్తే, లేదు. ఫ్రీడ్, రోడాన్ బరువు మోశారు. విల్ వారెన్ అనే కుర్రాడు ఏడాదంతా నిలబడ్డాడు. జులైలో వచ్చిన క్యామ్ ష్లిట్లర్ ప్లేఆఫ్స్‌లో బోస్టన్ మీద ఎనిమిది ఇన్నింగ్స్‌లో పన్నెండు మందిని స్ట్రైకౌట్ చేసి ఊరిని ఊపేశాడు. కోర్టెస్ ఉండి ఉన్నా మోచేయి ఆ మోచేయే. కాబట్టి స్టార్టర్‌ని ఇచ్చి రిలీవర్‌ని తేవడం తప్పన్నవాళ్లూ, ఒప్పన్నవాళ్లూ ఇద్దరూ ఏడాది చివర చేతిలో రుజువు లేకుండానే మిగిలారు.

చివరి పేరాలోని కుర్రాడు

కేలెబ్ డర్బిన్ ఎత్తు అయిదున్నర అడుగులకు కాస్త అటూఇటూ. చదువుకున్నది సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో. ఆటకోసం స్కాలర్‌షిప్పులివ్వని మూడో శ్రేణి కళాశాల క్రీడలు అక్కడివి. 2021లో అట్లాంటా 14వ రౌండ్‌లో తీసుకుంది. 2022 చివర్లో ఒక రిలీవర్ కోసం చేసిన చిన్న మార్పిడిలోనే యాంకీస్‌కి వచ్చాడు. 2024 శరదృతువులో అరిజోనా లీగ్‌లో 29 బేస్‌లు దొంగిలించి రికార్డు పెట్టాడు. యాంకీస్ రెండో బేస్ కోసం అతని పేరు నలిగింది కూడా. ఇంతలో మార్పిడిలో కలిపేశారు.

మిల్వాకీలో ఏప్రిల్ 18న మేజర్ లీగ్‌లో మొదటిసారి దిగాడు. మూడో బేస్ అతనిదైపోయింది. 11 హోమ్ రన్లు, 18 దొంగిలించిన బేస్‌లు, .256 సగటు. ఒంటికి బంతి తగిలినా పక్కకి జరగని మొండితనం. నేషనల్ లీగ్ మేటి కొత్త ఆటగాడి ఓటింగ్‌లో మూడో స్థానం. బ్రూయర్స్ 97 ఆటలు గెలిచింది. అది వాళ్ల చరిత్రలోనే అత్యధికం, ఆ ఏడాది మొత్తం మేజర్ లీగ్‌లోనూ అత్యధికం. చికాగో కబ్స్‌ని దాటి లీగ్ ఫైనల్ దాకా వెళ్లి డాడ్జర్స్ ముందు ఆగింది. విలియమ్స్ పోతే తొమ్మిదో ఇన్నింగ్స్ ఎవరిదని అడిగినవాళ్లకి ట్రెవర్ మెగిల్ 30 సేవ్‌లతో జవాబిచ్చాడు.

అదే సమయంలో యాంకీస్‌కి ఏం కరువైందో చూడండి. మూడో బేస్ ఆటగాడు. మే నెలలో ఓస్వాల్డో కబ్రెరా చీలమండ విరిగింది. జులైలో కొలరాడో నుంచి రయాన్ మెక్‌మాన్‌ని తేవడానికి ఇద్దరు కుర్ర పిచర్లను ఇచ్చి, అతని మిగిలిన ఒప్పందాన్నీ నెత్తినెత్తుకున్నారు. 2025లో కొత్త ఆటగాడి కనీస జీతం 7,60,000 డాలర్లు. డర్బిన్ లాంటివాడు ఆ జీతంతో మొదలై ఆరేళ్లు జట్టు చేతిలో ఉంటాడు. విలియమ్స్‌కీ కోర్టెస్‌కీ మిగిలింది ఒక్క ఏడాది, జీతాలు దాని పదిరెట్లు. ఒక్క ఏడాది స్టార్టర్‌కి బదులు ఒక్క ఏడాది రిలీవర్ అన్నంతవరకు మార్పిడి సమానమే. తూకాన్ని మార్చింది ఆ ఆరేళ్లు.

2024 డిసెంబరు 13న యాంకీస్ విలియమ్స్‌ని కోరుకోవడంలో నాకు తప్పు కనిపించదు. అలాంటి చేంజప్ వేసేవాడు దొరకడం అరుదు. కానీ అతని వెన్ను సంగతి తెలిసీ, ఒక్క ఏడాదికి, కోర్టెస్‌తో ఆగకుండా డర్బిన్‌ని కూడా ఇవ్వడం ధర ఎక్కువ పెట్టడమే. అక్టోబరులో పోయిన కప్పు కళ్లెదుట మెదులుతుంటే బేరమాడే ఓపిక ఉండదు. సియాటిల్‌కీ ఉండలేదు. మిల్వాకీకి అప్పటి జనరల్ మేనేజర్ మ్యాట్ ఆర్నాల్డ్‌కి ఆ ఓపిక ఉండింది, ఎందుకంటే ఆ ఊరికి తొందరపడే డబ్బే లేదు.

2025 డిసెంబరులో విలియమ్స్ ఫ్రీ ఏజెంట్‌గా మెట్స్‌తో మూడేళ్లకు 5.1 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. 4.79ని పక్కనపెట్టి 2.68ని నమ్మారన్నమాట. అదే నెలలో పీట్ అలొన్సో మెట్స్‌ని వదిలి బాల్టిమోర్ వెళ్లిపోయాడు. లూక్ వీవర్ కూడా మెట్స్‌లోనే చేరాడు. విలియమ్స్ తడబడిన మొదటి రాత్రి మెట్స్ ఉండే క్వీన్స్ జనం ఎవరి పేరు పిలుస్తారో యాంకీస్ ఉండే బ్రాంక్స్‌లోని వాళ్లకి బాగా తెలుసు. ఆ కొత్త ఒప్పందం సరైనదా కాదా అన్న పంచాయితీ ఏడాదికి అరవై ఇన్నింగ్స్ చొప్పున మూడేళ్లు నడుస్తుంది.